ముల్లు మధ్యలోనే ఉంది

చిన్నోడు అన్న మీద పగ తీర్చుకున్నాడట. అన్న కారులో కొత్త మీటరు బిగిస్తూ కావాలనే తీగలు తప్పుగా కలిపాడట. అందుకే ఆ కారు నడిరోడ్డు మీద గగ్గోలు పెట్టి ఆగిపోయిందట. వీధిలో ఏ గుమ్మం ముందు నిలబడినా ఇప్పుడు ఇదే మాట.

దీన్ని ఊరేగించింది బట్టలు కుట్టే ఆవిడ. పళ్ళ మధ్య గుండుసూదులు పెట్టుకుని కూడా మాట్లాడగల మనిషి. ఆవిడ గదిలో మూరెడున్న మాట వీధి చివరి రొట్టెల దుకాణం చేరేసరికి బారెడైంది. కారు ఆగింది నిజమే. తీగలు కలిపింది చిన్నోడన్నదీ నిజమే. ఆ రెండు నిజాలనీ కలిపి వేసిన కుట్టు మాత్రం అబద్ధం. అది విప్పాలంటే చిన్నోడి వదిన దగ్గర మొదలుపెట్టాలి. కారు ఆగినప్పుడు పక్క సీట్లో ఉన్నది ఆవిడే. చిన్నోణ్ణి పెంచిందీ ఆవిడే.

వదిన కాపురానికి వచ్చేనాటికి వాడికింకా పాలపళ్ళు ఊడుతున్నాయి. తల్లి లేని పిల్లవాడు. ఆవిడ పెట్టె విప్పి బట్టలు సర్దుకుంటూ ఉంటే గుమ్మం పట్టుకుని నిలబడి, “నీ అద్దం నేనే పగలగొట్టాను వదినా” అన్నాడు. ఎవరూ చూడలేదు. పిల్లి మీదికి నెట్టేసినా సరిపోయేది. కానీ వాడి కడుపుకి అబద్ధం అరగదు. పెద్దయ్యాకా అంతే. ఇంటికి వచ్చినవాళ్ళ ముందే కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పేవాడు. వదిన గరిటె చూపించి బెదిరిస్తే, “ఎక్కువైందనే కదా అన్నాను, బాగాలేదనలేదుగా” అనేవాడు.

అన్నదమ్ములిద్దరూ ఒక్క అద్దెకారు మీద బతికారు. పొద్దున అన్న తోలేవాడు, మధ్యాహ్నం భోజనమయ్యాక తాళం తమ్ముడి చేతికి వచ్చేది. ఒకసారి కారెక్కిన పెద్దమనిషి, ఇది దగ్గర దారేనా అని అడిగితే, “కాదండీ, ఇది మా అన్నయ్య చెప్పిన దారి” అన్నాడు చిన్నోడు. ఆ రోజు అన్న తిట్లకి గోడల సున్నం రాలింది. అబద్ధం ఆడ్డం రాని దద్దమ్మ బండి తోలడానికేం పనికొస్తాడని ఎగిరాడు. వదిన పళ్ళెం ముందు కూర్చుని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంది. ఆ మాటలు గుర్తుంచుకోవాల్సి వస్తుందని అప్పుడు ఆవిడకేం తెలుసు.

ఆ వేసవిలోనే ఇంజిన్ కాలిపోయింది. చిన్నోడు ఎవరినో దూరం దింపి తిరిగొస్తున్నాడు. మాడు వాసన వచ్చింది, ఇంజిన్ గరగరలాడింది, ఆగింది. మళ్ళీ తిరగలేదు. కారుని తాడు కట్టి లాక్కొచ్చారు. బానెట్ ఎత్తి చూస్తే రేడియేటర్‌లో చుక్క నీళ్ళు లేవు. కింద నీళ్ళ హోస్ పైపు చీలి ఉంది. మెకానిక్ తల అడ్డంగా ఊపి ఇంజిన్ మొత్తం పట్టేసిందని చెప్పాడు.

“వేడి చూపించే మీటరు ముల్లు ఎక్కడుందిరా?” అన్నాడు అన్న.

“మధ్యలోనే ఉందన్నయ్యా. చివరిదాకా మధ్యలోనే ఉంది.”

“ముల్లు ఎర్రగీత ఎక్కకుండా ఇంజిన్ కాలిందా? పొయ్యి వెలిగించకుండా ఎసరు మరిగిందని చెబుతున్నావు. నిద్రపోయావు, లేకపోతే తాగావు. అబద్ధాలకోరు వెధవా.”

నిన్నటిదాకా అబద్ధం రానందుకు తిట్టిన నోరే అది. చిన్నోడు ముల్లు మధ్యలోనే ఉందని మళ్ళీ ఒకసారన్నాడు. అన్న చెయ్యి లేచింది. వీధిలో, అందరూ చూస్తుండగా. చెంప మీద దెబ్బ కన్నా ఆ తర్వాత అన్న మాట వదినకి ఎక్కువ తగిలింది: నిజం ఒప్పుకున్నాకే ఈ గుమ్మం ఎక్కు. ఉన్నది చెప్పేశాక ఇంకేం ఒప్పుకుంటాడు? లేనిది ఒప్పుకోవడం వాడికి చేతకాదు. రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. వదిన భర్తకి చెప్పి చూసింది, ఏడ్చి చూసింది, అన్నం మాని చూసింది. ఆయన మనసు అరగని సానరాయి. వాడు వచ్చి ఒప్పుకోవాలి, అంతే.

చిన్నోడు ఊరి అవతల కార్ల కరెంటు పని చేసే ముసలాయన దగ్గర చేరాడు. ఆ దుకాణం వెనక గదిలోనే పడక. ముసలాయన చూపు తగ్గేకొద్దీ పని వీడి చేతికి వచ్చింది. నాలుగేళ్ళు తిరిగేసరికి ఇంజిన్ వేడి చూపించే అంకెల మీటర్లు బిగించాలంటే అందరూ వాడి పేరే చెప్పేవారు. వదిన నెలకోసారి కూరగాయలకని బయల్దేరి ఆ దుకాణం మీదుగా వెళ్ళేది. ఎప్పుడొస్తావురా అని అడిగేది. చేతి మసి తుడుచుకుంటూ, “అన్నయ్య నన్ను నమ్మిన రోజు” అనేవాడు. వేరే ఏమీ అడగలేదు వాడు. వాటా అడగలేదు, కారు అడగలేదు. ఆ ఒక్క మాటా దక్కితే చాలనుకున్నాడు.

అప్పుడు వేయించిన పాత ఇంజిన్ అరిగిపోతే ఈ మధ్య అన్న కారుకి కొత్త ఇంజిన్ వేయించాడు. పాలు తాగి మూతి కాలినవాడు మజ్జిగ కూడా ఊదుకుని తాగుతాడు కదా, ఈసారి మంచి మీటరు పెట్టించాలనుకున్నాడు. మెకానిక్‌ని అడిగితే, “మీ తమ్ముడే ఉన్నాడు కదయ్యా పనివాడు” అన్నాడు. అన్న మొహం గంటు పెట్టుకున్నాడు గానీ, ఇంజిన్ మీద భయం అభిమానం కన్నా పెద్దది. వదిన నేనూ వస్తానంది. వెనక సీట్లో కూర్చుంది. ఇవాళైనా ఆ మాట అనకపోతాడా అని దారిపొడుగునా ఆయన మెడ వెనక భాగాన్నే చూస్తూ కూర్చుంది.

దుకాణంలో చిన్నోడు వదినని చూసి నవ్వాడు. అన్నని చూసి, “చెప్పండి సార్” అన్నాడు.

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ “నువ్వు” తప్ప ఎరగడు వాడు. అన్న కూడా పనివాడితో చెప్పినట్టే చెప్పాడు. నీళ్ళ వేడి చూపించే మీటరు కావాలన్నాడు.

చిన్నోడు అందరికీ చెప్పే మాటలే అన్నకీ చెప్పాడు. గొంతులో ఎక్కువా లేదు తక్కువా లేదు. “కారుతో పాటు వచ్చిన ముల్లు నీళ్ళ వేడి చూస్తుంది సార్. నీళ్ళున్నంతసేపే దానికి కళ్ళుంటాయి. పైపు చీలి నీళ్ళు కారిపోయాయనుకోండి, లోపలి సెన్సర్ ఉత్త గాలిలో వేలాడుతుంది. ఇంజిన్ కాలిపోతూ ఉన్నా దానికి తెలీదు. ముల్లు మధ్యలోనే ఉంటుంది. అందుకని నేను నీళ్ళలో పెట్టను, ఇంజిన్ ఇనుముకే బిగిస్తాను.”

వదిన భర్త వైపు చూసింది. ఆయన బూటు కొసతో నేల మీద నట్టునొకదాన్ని దొర్లించాడు. “అలాగే, ఇనుముకే పెట్టు” అన్నాడు. అంతే.

చిన్నోడు ఇంజిన్ పైభాగంలో ఒక బోల్టు విప్పి, దాని కింద ఇనుమునంతా ఉప్పుకాగితంతో మెరిసేలా రుద్దాడు. ఉంగరం లాంటి సెన్సర్ దూర్చి మళ్ళీ బిగించాడు. దాని తీగని పొగగొట్టానికి తగలకుండా చుట్టూ తిప్పి, ఇంజిన్‌కీ సీట్లకీ మధ్యనున్న రేకులోని రబ్బరు కన్నం గుండా లోపలికి లాగాడు. తాళం తిప్పినప్పుడే కరెంటు వచ్చే ఫ్యూజు వెతికి పట్టుకున్నాడు. స్టీరింగు పక్కన, పాత ముల్లుకి ఆనుకునే, అగ్గిపెట్టెంత మీటరు అతికించాడు. ఎర్రటి అంకెలు వెలిగాయి.

అలారం ఎంత దగ్గర మోగాలో పెట్టాలంటే ముందు ఆ ఇంజిన్ మామూలుగా ఎంత వేడెక్కుతుందో చూడాలట. అన్న తోలాడు, తమ్ముడు పక్కన కూర్చున్నాడు. ఒకప్పుడు ఆ రెండు సీట్లలో కూర్చుని పాటలు పాడుకున్నవాళ్ళే. ఆ రోజు అంకెలు తప్ప మాటలు లేవు. ఎనభై ఎనిమిది, అన్నాడు చిన్నోడు. మెరక ఎక్కించండి సార్, అన్నాడు. తొంభై నాలుగు. ఇంక పెరగదు, దీనికి పైన పది కలిపి పెడుతున్నాను. మోగితే మాత్రం ముల్లుకేసి చూడకండి, బండి ఆపేయండి.

వాళ్ళు అంకెలు ఆపి మాట్లాడతారేమోనని వదిన వెనక సీట్లో చెవులు రిక్కించుకునే కూర్చుంది.

తర్వాత వారంలో వదిన పంటి నొప్పికని భర్తతో కారులో వెళ్ళింది. పెద్ద రోడ్డెక్కాక ఒక్కసారిగా పిల్లల ఈల లాంటి చప్పుడు, చెవులు చిల్లులు పడేలా. ఎర్రంకెలు నూట నాలుగు, నూట ఏడు, నూట పన్నెండు. అన్న ఆపలేదు.

“తప్పుగా బిగించాడు వెధవ. చూడు, ముల్లు మధ్యలోనే ఉంది కదా” అని అరిచి, మీటరు తీగ పీకడానికి చెయ్యి చాచాడు.

వదిన పంటి నొప్పి మర్చిపోయింది. ఆ చేతిని రెండు చేతులా పట్టుకుంది. పెళ్ళయినప్పటినుంచీ ఆయన చేతికి అడ్డురాని మనిషి, “ముందు బండి ఆపండి” అంది.

ఆపాడు. దిగుతూనే తలుపు విసిరేసి, రోడ్డున పోయేవాళ్ళంతా వినేలా తమ్ముణ్ణి తిట్టాడు. పగ పెట్టుకుని నా బండి పాడుచేశాడన్నాడు. అప్పుడే సైకిలు ఆపి ఆ మాటలు విన్నది బట్టలు కుట్టే ఆవిడ మొగుడు. తర్వాతది చూడకుండా వెళ్ళిపోయాడు పుణ్యాత్ముడు. వీధిలో తిరుగుతున్న మాట పుట్టింది అక్కడ. అన్న నోట్లో.

బానెట్ ఎత్తేసరికి ఆవిరి మొహాన కొట్టింది. హోస్ పైపు చీలి ఉంది, పాతది చీలినట్టే. రోడ్డు మీద వెనక్కి ఎంత దూరం చూసినా తడి చార. ఇంజిన్‌కి ఏమీ కాలేదు. అన్న మళ్ళీ లోపలికి తొంగిచూశాడు. తాళం ఇంకా తిప్పే ఉంది. ఎర్రంకెలు నూట పన్నెండు దగ్గర ఉన్నాయి. వాటి పక్కనే ముల్లు, అన్నం తిని అరుగు మీద కూర్చున్న పెద్దమనిషిలా, మధ్యలో తీరిగ్గా ఉంది.

ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. వదిన నాలుగేళ్ళ మాట ఇప్పుడొస్తుందనుకుంది.

“మంచి మీటరే. పెట్టిన డబ్బు దండగ కాలేదు” అన్నాడాయన, బానెట్ దించుతూ.

రెండు రోజుల్లో ఆ మాట వీధంతా పాకింది. వదిన వదల్లేదు. వీధంతా వాడి మీద పడి ఏడుస్తోంది, మీ నోటి నుంచే పోయింది ఆ మాట, మీరే వెళ్ళి కాదని చెప్పండి అంది. వీధి నోటికి మూత ఎవడు పెడతాడన్నాడు. పోనీ వాడికైనా చెప్పండి, ఆనాడు వాడన్నది నిజమేనని ఒక్క ముక్క చెప్పండి అంది. ఆయన కండువా దులుపుకుని లేచాడు. పాత విషయాలు తవ్వుకుంటే ఏమొస్తుందన్నాడు. ఆనాడు ఆ దెబ్బ పడబట్టే వాడు పని నేర్చుకుని మనిషయ్యాడని కూడా అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరక్కుండా, “ఆదివారం భోజనానికి రమ్మను వాణ్ణి” అన్నాడు.

మర్నాడు వదిన దుకాణానికి వెళ్ళింది. చిన్నోడు ఎవరిదో కారు కింద పడుకుని పని చేస్తున్నాడు, కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఆవిడ బల్ల మీద కూర్చుని రోడ్డు మీద జరిగిందంతా ఆ కాళ్ళకే చెప్పింది. చీలిన పైపు చెప్పింది, నూట పన్నెండు చెప్పింది, మధ్యలో ఉన్న ముల్లు చెప్పింది. వీధిలో మాట కూడా దాచలేదు. రెంచి చప్పుడు ఆగిపోయింది. వాడు బయటికి జరిగి లేచి కూర్చున్నాడు. నుదుటి మీద గ్రీసు. ఆవిడ కొంగుతో తుడవబోతే తల పక్కకి తీసుకున్నాడు.

“మీ అన్నయ్య ఆదివారం భోజనానికి రమ్మన్నార్రా” అంది. వాడు గుడ్డ కోసం చుట్టూ వెతుక్కున్నాడు. “నువ్వడిగింది నమ్మమనే కదా. కళ్ళారా చూశారు, నమ్మారు. ఇప్పటికైనా వస్తావా, రావా? సూటిగా చెప్పు.”

చిన్నోడు రెంచిని గుడ్డతో తుడిచాడు. దాని జాగాలో దాన్ని పెట్టాడు.

“ఆయన నమ్మింది మీటర్ని వదినా, నన్ను కాదు” అన్నాడు. “భోజనానికి కూడా దాన్నే పిలవమను.”