రంగు కడిగేసిన గాజు పిట్ట

మా పెద్దమ్మ సుగుణమ్మ మదనపల్లెలో ఒక పాత ఆసుపత్రిలో నర్సుగా పనిచేసింది. ఏడేళ్ళ కిందట కుప్పంలోని తన చెల్లెలి దగ్గరికి వెళుతూ, క్రిస్మస్ చెట్టుకు కట్టే గాజు బొమ్మల పెట్టె నా దగ్గర వదిలింది. ఆ ఆసుపత్రి నడిపిన దొరసానుల కాలం నాటివి: మూడు గుండ్లు, ఒక దీపం, గాజు పీచు తోక ఉన్న పిట్ట. ఈ డిసెంబరులో ఫోన్ చేసి, "చెట్టు పెడతాండాము, పెట్టె తీసుకురా పాపా," అంది. పండగంటే ముందు కడగడమే కదా మనకు తెలిసిన భక్తి. ఇత్తడి చెంబులతో పాటు పిట్టనూ చింతపండు నీళ్ళలో నానబెట్టాను. తీసేసరికి రంగంతా పోయి, లోపలి వెండిపూత ఒక్కటే మిగిలింది.

చెప్పాలా, చెప్పకుండా రంగు వేయించి తీసుకెళ్ళాలా? తేల్చుకోలేకనే ఉదయం ఏడున్నరకు మదనపల్లెలో పుంగనూరు బస్సెక్కాను. ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టే. పెట్టెను ఒళ్ళో పెట్టుకున్న తీరు చూసి కండక్టర్ నవ్వాడు.

"ఏందమ్మా, కోడిగుడ్లా?"

"గాజు సామానప్పా."

"అట్లయితే ఎనక సీట్లో యాల కూర్చున్యావు? ఆడ ఎగిరేస్తాది. ముందరికి రా."

గంటలోపే పుంగనూరు. బజారులో పెళ్ళికొడుకులకు మెరిసే జిగినా పూలమాలలు కట్టి, బొమ్మలకు రంగులూ వేసే ఖాదర్ భాయ్ అంగడి ఉంది. ఆయన పిట్టను వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఏస్తానమ్మా, నూర్రూపాయలు. ముందర ఏం రంగు ఉండె?"

ఎరుపా? నీలమా? ఏడేళ్ళు మా అటక మీదే ఉంది. కడిగిన నీళ్ళూ చింతపండు రంగులోనే ఉండడంతో ఆ ఆనవాలూ దొరకలేదు.

"గుర్తు లేదా?" అన్నాడాయన. "మీ ఇంట్లో ఉండే పిట్టే కదమ్మా!"

పిట్టను కొమ్మకు కట్టే తీగ ఊడి ఉంటే, అది మాత్రం బిగించి ఇరవై తీసుకున్నాడు. "రంగు కనుక్కోని రా. నేను యాడికీ పోను."

పలమనేరులో బస్సు మారాలి. స్టాండు ఎదురుగా రాగిసంగటి, ఊరుబిండి పచ్చడి డెబ్బై రూపాయలు. బాగానే ఉంది, నేనే సగం వదిలేశాను. వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి రెండు దాటింది. అక్కడి నుంచి ఇంటికి ఆటో అరవై.

వసారాలో ఇసుక నింపిన బకెట్లో సరుగుడు కొమ్మ, బకెట్‌కు చుట్టిన రంగు కాగితం, కొమ్మల మీద మంచులా దూది. పెద్దమ్మ ఒక్కొక్క గుండునూ చీర కొంగుతో అందుకుంది. పిట్ట దగ్గర ఆగింది.

"నేనే కడిగేశాను పెద్దమ్మా. చింతపండుతో."

పిట్టను అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమె చెల్లెలు కాఫీ తెచ్చి పెట్టినా తాగలేదు. ఆసుపత్రిలో ఆమె తొలి క్రిస్మస్‌కు, మంచం దిగలేని ఒక రోగి కళ్ళెదుట కట్టిన పిట్ట అది. ఆ సంగతి ఆ చెల్లెలు చెబితేనే నాకు తెలిసింది.

"పచ్చ," అంది చివరికి. "రెక్క కొసల్లో పసుపు. రాసుకో."

"ఖాదర్ భాయ్‌తో వేయిస్తాను."

"ఏసేదొద్దు. రాసుకో. ఈ గుండు ఎరుపు, కింద పగులు నేను చేసిందే. మిగిలినవీ చెప్తా. నేను పోయినంక ఇంగెవురన్నా కడిగితే ఎవుర్ని అడుగుతావు?"

పెట్టె మూత లోపలివైపు బాల్‌పెన్నుతో అన్నీ రాశాను. ఆమె పిట్టను నా చేతికిచ్చింది. "ఇది మొగం కడుక్కోని వచ్చింది కదా, ముందర కట్టు."

ఆమె క్షమించిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. వస్తువును భద్రంగా ఉంచానన్న గర్వంలో దాన్ని ఒక్కసారైనా సరిగ్గా చూడలేదన్నది మాత్రం తెలిసింది. తిరుగు ప్రయాణంలో ఒళ్ళో పెట్టె లేదు. అయినా మోకాళ్ళు దగ్గరగా పెట్టుకునే కూర్చున్నాను.

మీ ఇంట్లో ఇలాంటి పాత గాజు బొమ్మలుంటే నీళ్ళు తగలనివ్వకండి, పొడి కుంచెతో దులపండి. దులిపే ముందు, గుర్తున్నవాళ్ళు ఉండగానే, ఏది ఏ రంగో అడిగి రాసిపెట్టుకోండి.