బావ బూట్ల పక్కన ఇంకో జత

దెయ్యాలూ గియ్యాలూ అంటే నాకు ఒళ్ళు మంట. చర్చిలో ఎవరైనా అలాంటి సాక్ష్యం చెబితే మధ్యలోనే లేచి బయటికొచ్చేసే రకం నేను. ఇది చదివి మీరు నన్ను వెక్కిరించినా ఏమీ అనుకోను.

ఎనభైల్లో ఇనుప ఖనిజం మోసే ఓడలో ఫిట్టర్‌గా ఉండేవాణ్ణి. విశాఖ నుంచి కొరియా వెళ్ళిన ఒక ట్రిప్పులో మా చెల్లెలి మొగుడూ ఉన్నాడు. బావకి అదే మొదటి ప్రయాణం. చెల్లికి నెలలు నిండుతున్నాయి. విశాఖ వన్ టౌన్‌లో వాళ్ళింటి గుమ్మం ముందు నా చెయ్యి పట్టుకుని, ఆయన్ని జాగ్రత్తగా తీసుకురమ్మని ఏడ్చింది. తెస్తానని మాటిచ్చాను.

అక్కడ సరుకు దింపుతుండగా మమ్మల్ని వ్యాన్‌లో సియోల్ తీసుకెళ్ళారు, పాత రాజుల కోట చూపించడానికి. ఆ చోటు నాకు చూడగానే నచ్చలేదు. చెవులు తెగిపోయే చలి, ఎటు చూసినా మంచు. కాపలావాడు మమ్మల్ని దొంగల్ని చూసినట్టు చూశాడు. రాజుల కొంపైతే నాకేంటని గొణుక్కుంటూనే నడిచాను.

వెనకవైపు రాణులుండే ఇళ్ళట. ఒక్క మనిషి లేడు. చెక్క వసారా, కాగితం అతికించిన తలుపులు, అన్నీ మూసే ఉన్నాయి. బావ కింద రాతిమెట్టు మీద బూట్లు విప్పేసి వసారా ఎక్కేశాడు.

"ఏటి బావా, ఇదేటి మన సర్చేటి? ఏసుకో, వ్యాన్ ఎల్లిపోద్ది," అన్నాను.

"ఎవురింటికెల్లినా ఇప్పాల కదేటి బావా," అన్నాడు నవ్వుతూ.

తలుపు కాగితం చిరిగిన చోట కన్ను పెట్టి లోపలికి చూశాడు. చూసినవాడు అలాగే ఉండిపోయాడు. పిలిస్తే పలకడు. నాకు చిర్రెత్తుకొచ్చి, లాక్కొద్దామని మెట్టు దగ్గరికెళ్ళాను.

బావ బూట్ల పక్కన ఇంకో జత ఉంది. ఎర్ర పట్టు చెప్పులు, చిన్నవి, ఆడమనిషివి. తడిసి ఉన్నాయి, తలుపు వైపు తిరిగి ఉన్నాయి. మంచులో మా ఇద్దరి అడుగులు తప్ప వేరే అడుగులు లేవు.

అవతలెక్కడో మంచు ఊడుస్తున్న ముసలామె ఒకామె అరుస్తూ మా మీదికొచ్చింది. ఆ చెప్పులు కనబడగానే నోరు మూసుకుంది. వాటికి నడుం వంచి దండం పెట్టింది. తర్వాత చీపురెత్తి నా వీపు మీద ఒక్కటిచ్చింది. బావని ఈడ్చుకొచ్చి బూట్లు తొడిగించాను. ఈ కంగారులో పక్కకి చూస్తే ఎర్ర చెప్పులు లేవు.

లోపల ఏం చూశాడో ఎంత అడిగినా చెప్పలేదు. ఓడలో జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడున్నాడు. నేను దేవుడికి మొక్కుతూ, ఆ కోటని నోటికొచ్చినట్టు తిడుతూ కూర్చున్నాను. ఈ మనిషికేమైనా అయితే చెల్లికి ఏ మొహం పెట్టుకుని కనబడాలి?

విశాఖ చేరేసరికి లేచి తిరిగాడు. హమ్మయ్య, మాట దక్కిందనుకున్నాను. ఇంటి ముందు బూట్లు విప్పి లోపలికెళ్ళాడు. నిండు కడుపుతో చెల్లి బయటి కుళాయి నుంచి నీళ్ళు పట్టుకొచ్చింది.

"అన్నియ్యా, మీతో ఇంకెవురొచ్చినారు? గుమ్మంకాడ ఎర్ర సెప్పులున్నాయి."

పరిగెత్తాను. బావ బూట్లే ఉన్నాయి. వాటి పక్కన, మండుటెండలో, గచ్చు మీద చెప్పుల ఆకారంలో రెండు చిన్న తడి మరకలు. గడప వైపు తిరిగి ఉన్నాయి.

బిడ్డ క్షేమంగానే పుట్టింది. బావ మాత్రం ఇప్పటికీ ఎవరింటికెళ్ళినా బూట్లు విప్పడు, తిట్లు తింటాడు. అదేమిటో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. ఒక్కటే బాధ. ఆ ఎర్ర చెప్పులావిడ మా చెల్లి ఇంట్లోకి వచ్చిన గుర్తు చూశాం గానీ, బయటికెళ్ళిన గుర్తు ఎవరమూ చూడలేదు.