బావిలో మనిషి, బురదలో నారు

నవంబరు 11, మంగళవారం. పొద్దుటి నుంచి సన్నటి జల్లు. నిచ్చెన వేసుకుని చూరు వెంబడి ఉండే వాననీటి గటర్లలో ఇరుక్కున్న ఆకులు తీశాను. సగం తీశానో లేదో పక్కింటి అమ్మాయి మా డ్రైవ్‌వేలోకి వచ్చి, నేను కిందికి దిగేదాకా ఆగి, వాళ్ళ నాన్న తెల్లవారుజామున ఆసుపత్రిలో పోయారని చెప్పింది. ఆ రోజు డైరీలో నేను రాసింది ఇంతే: "మాస్టారు పోయారు. గటర్లు సగం అయ్యాయి."

ఇది చదివే మీలో ఎవరికీ ఆయన తెలియదు. చైనాలో ఒక చిన్న పట్నంలో చాలా ఏళ్ళు బడిపిల్లలకు సాహిత్యం చెప్పి, రిటైరయ్యాక భార్యతో కలిసి ఇక్కడ అమెరికాలో, ఎడిసన్‌లో ఉన్న కూతురి దగ్గరికి వచ్చారు. నేను ఆయన్ని మాస్టారనే పిలిచేవాణ్ణి. ఆ మాటకు అర్థం చెబితే నవ్వి, "ఇక్కడ నాకు విద్యార్థులెవరూ లేరే" అన్నారు. నా చదువు పదో తరగతితో ఆగింది. తర్వాత నేర్చుకున్నదంతా లైబ్రరీ పుస్తకాలు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నదే. అరవై దగ్గర పడ్డాక దొరికిన మొదటి మాస్టారు ఆయన. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

నాకు రోజూ డైరీ రాసే అలవాటు. వాతావరణం, చేసిన పని, అంతకు మించి ఉండదు. నాలుగేళ్ళ కిందట ఒక సాయంత్రం ముందు మెట్ల మీద కూర్చుని రాస్తుంటే ఆయన కంచె అవతల ఆగి, "రోజూ ఏం రాస్తావు?" అని అడిగారు.

"ఎండ, వాన" అన్నాను.

"మా కవులూ అవే రాశారు" అని లోపలికి వెళ్ళి, అట్ట ఊడిపోయిన నోటుబుక్కు ఒకటి తెచ్చారు. వయసులో ఉన్నప్పుడు అక్కడి ప్రభుత్వం ఆయన చేత చదువు మాన్పించి, పొలం పనికి ఎక్కడో దూరపు పల్లెకు పంపిందట. అచ్చుకు నోచుకోని కవితలు అక్కడ ఒకరి చేతిరాత నుంచి ఇంకొకరి చేతిరాతలోకి వెళ్ళేవట. ఆ నోటుబుక్కు అప్పటిది.

ఆ తర్వాత ఆదివారాలు మాకు అదే పని. ఆయన మొదట ఫ్లాస్కులోని వేడినీళ్ళు మూతలున్న రెండు కప్పుల్లో పోసేవారు. టీ కాదు, వట్టి వేడినీళ్ళే. చైనీసులో ఒకసారి చదివి, తనకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పేవారు. నాకు వచ్చిన ఇంగ్లీషులో విని నేను తెలుగులో రాసేవాణ్ణి. రాసినదాన్ని మళ్ళీ ఒక్కో లైనూ ఇంగ్లీషులో అప్పజెప్పాలి. తెలుగు ఒక్క ముక్క రాని మనిషి నా తెలుగును అలా దిద్దారు.

"మీరిద్దరూ మాట్లాడేది ఇంగ్లీషేనా? మూడో మనిషికి అర్థమైతే ఒట్టు" అనేది మా ఆవిడ. తనూ మాస్టారి భార్యా మాత్రం ఏ భాషా లేకుండానే కంచె మీదుగా కాకరకాయలు ఇచ్చిపుచ్చుకుంటూ అరగంట కబుర్లు చెప్పుకునేవాళ్ళు.

ఆ నోటుబుక్కులో ఇద్దరు కవులంటే ఆయనకు ప్రాణం. ఇద్దరిదీ ఒకే తరం. ఒకాయన రాసిన కవితలో ఒక మనిషి నీళ్ళ కోసం బావి తవ్వుతూ దిగిపోతుంటాడు. నీరు పడదు. పైన ఆకాశం పళ్ళెమంత, గిన్నె అంత, చివరికి గింజంత అయిపోతుంది. పైకి మూడుసార్లు పిలుస్తాడు. ఎవరూ పలకరు. కవిత అంతే. రెండో ఆయన కవితలో వరద తీసిన పొలం. గట్లు కొట్టుకుపోయాయి, ఎవరి మడి ఏదో తెలియదు. ఒక ఆడమనిషి ఆ బురదలో దిగి నారు నాటుతుంటుంది.

"ఇద్దరూ ఒకే వానలో తడిశారు" అనేవారు మాస్టారు. "ఒకడు గొడుగు లేదని రాశాడు. ఇంకొకడు ఒళ్ళు ఆరుతుందని రాశాడు." ఒకటి చదివిన రోజు రెండోది కూడా చదవాల్సిందే. "బావి ఒక్కటే చదివితే అన్నం సయించదు. నారు ఒక్కటే చదివితే అబద్ధం చెప్పినట్టుంటుంది."

బావి కవితను తెలుగు చేసినప్పుడు నేనొక పొరపాటు చేశాను. ఆ మనిషిని అలా చీకట్లో వదిలేయడానికి చెయ్యి రాలేదు. మూడోసారి పిలిచాక పైన ఎవరిదో నీడ కదిలినట్టు ఒక లైను కలిపాను. అప్పజెప్పేటప్పుడు దాన్ని దాటేద్దామనుకున్నాను గానీ అబద్ధం నోట రాలేదు.

"ఆ నీడ ఎవరిది?" అన్నారు.

"ఎవరో ఒకరిది, మాస్టారూ."

"నా నోటుబుక్కులో లేడే. కంచె దూకి మీ ఇంట్లోంచి వచ్చాడా?"

"తెలుగులో ఇలా ఉంటే బాగుంటుందని..."

"అయితే నువ్వే బావిలోకి దిగి ఆ మాట అతనికి చెప్పిరా."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "ఆ పల్లెలో మేమూ పిలిచాం. ఎవరూ రాలేదు. ఇప్పుడు నువ్వు ఎవరినో పంపిస్తే మేం పిలవనట్టే అవుతుంది."

ఆ లైను కొట్టేశాను. నారు కవితలోనూ దొరికిపోయాను. నాట్లు వేసే మనిషి చేత పాట పాడించాను. "నడుం వంచి ఉంది, ముందు ఊపిరి పీల్చుకోనీ. పాట తీసెయ్" అన్నారు.

బుధవారం ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. "అంకుల్, ఆదివారం ఫ్యునరల్ హోమ్‌లో మీరొక కవిత చదవాలి, మీ భాషలోనే. నాన్నకు ఆ శబ్దం ఇష్టం. కానీ నారుది ఒక్కటే చదవండి. బావిది వద్దు. అమ్మ తట్టుకోలేదు."

సరేనన్నాను. ఆ రోజు నుంచి మనసు కుదురుగా లేదు. ఒక్కటే చదివితే అబద్ధమన్న మనిషి ముందు ఒక్కటే ఎలా చదవను?

"ఆ పిల్ల అడిగింది చెయ్యండి. బతికున్నవాళ్ళ మాట ముందు" అంది మా ఆవిడ.

"ఆయనుంటే తిట్టేవారు."

"తిట్టడానికి లేరుగా" అంది. అని, తనే కళ్ళు తుడుచుకుంది.

ఇవాళ ఆదివారం. పాతికమంది కూడా లేరు. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు. కాగితం రెండు చేతులా పట్టుకుని నారు కవిత చదివాను. బావి కవిత జేబులోనే ఉంది. తియ్యలేదు. వచ్చి కూర్చుంటే, ముందు వరసలో మాస్టారి భార్య కూతురి చెవిలో ఏదో అడిగింది. కూతురు తల అడ్డంగా ఊపింది. ఆమె కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచింది.

చేతిలో కాగితం లేదు. చైనీసులో మొదలుపెట్టింది. నాకు ఆ భాష రాదు గానీ, ఏ లైను ఎక్కడ ఆగుతుందో నాలుగేళ్ళుగా విన్నవాణ్ణి. అది బావి. మాస్టారి కంటే నెమ్మదిగా, ఒక్కో అడుగే దిగింది. పిలుపుల దగ్గరికి వచ్చేసరికి తల పైకెత్తి, గది కప్పు వైపు చూస్తూ మూడుసార్లు పిలిచింది. తర్వాత అలాగే నిలబడింది. మాలో ఎవరమూ పలకలేదు.

"అమ్మకు ఇది వచ్చని నాకు తెలీదు" అంది కూతురు, ఎవరితో అంటోందో తనకే తెలియనట్టు.

ఇంటికి వచ్చి ఇది రాస్తున్నాను. వాన వెలిసింది, గాలి ఉంది. రోజూలాగే, చేసిన పని కూడా రాయాలి. కలం పట్టుకుంటే, నా కళ్ళ ముందు ఆమె ఇంకా అక్కడే తల పైకెత్తి నిలబడి ఉంది.