మా గొళ్ళెం తుపాకీ నేర్చిన చోటు

మా కోడలిని బ్యాంకులో అందరూ గొళ్ళెం అంటారు. ఆ పేరు పెట్టినవాణ్ణి మెచ్చుకోవాలో చీవాట్లు పెట్టాలో నేనింకా తేల్చుకోలేదు. బ్యాంకు తలుపు దగ్గర కాపలా ఆమె పని. నీలం చొక్కా, నల్ల ప్యాంటు, నెత్తిన టోపీ, చేతిలో ఒక లాఠీ. మేనేజరుగారి బావమరిది ఒకసారి హెల్మెట్ తియ్యకుండా లోపలికి దూరబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ముందు తల చూపించండి, తర్వాత చుట్టరికం చూపించండి" అన్నదట. ఆ రోజు నుంచి గొళ్ళెమే.

ఇంట్లో మాత్రం నోట్లోంచి మాట ఊడిపడదు. మాట్లాడే పని నేను చూసుకుంటాను, పోట్లాడే పని కూడా నేనే చూసుకుంటాను. మా వాడు ఆసుపత్రి క్యాంటీనులో వంట చేస్తాడు. బంగారంలాంటివాడు, కాదనను. కానీ వీధిలో సైకిలు ట్యూబు పేలితే గ్యాసు పొయ్యి కట్టేసి వచ్చి నా వెనకాల నిలబడతాడు. ఈ ఇంట్లో గుండె అనేది ఉన్నది కోడలికే.

అలాంటి మనిషి ఒక సాయంత్రం టోపీ తీసి బల్ల మీద పెట్టి, కాళ్ళు కూడా కడుక్కోకుండా కూర్చుంది. ఇక మీదట తలుపు దగ్గర తుపాకీ ఉన్న కాపలాయే ఉండాలని బ్యాంకువాళ్ళు పట్టుబట్టారట. నెలాఖరు లోపల కాల్చడం నేర్చుకుని, నేర్చుకున్నట్టు కాగితం తెచ్చినవాళ్ళకు తుపాకీ, తలుపు. తేలేనివాళ్ళను ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి తోసేస్తారు, ఖాళీ లేకపోతే ఇంటికి.

"మరి నేర్పేదెవరు?" అన్నాను.

"మా సెక్యూరిటీ కంపెనీ సూపర్‌వైజరుగారు మాకు సంబంధం లేదన్నారు అత్తయ్యా. ఊళ్ళో రేంజిలున్నాయి, మీకు నచ్చింది చూసుకోండి అన్నారు."

రేంజి అంటే నాలుగు గోడల మధ్య తుపాకీ కాల్చడం నేర్పే హాలు. నాకు ఒళ్ళు మండిపోయింది. లాఠీ ఇచ్చిన రోజున దాన్ని ఎటు పట్టుకోవాలో కూడా చెప్పని కంపెనీ అది. ఇప్పుడు తుపాకీ ఇస్తుందట, నేర్పదట, వంకాయలు ఏరుకున్నట్టు వెళ్ళి ఏరుకోమంటుందట! ఆ మనిషి తలుపు దగ్గర నిలబడితే పింఛను కోసం వచ్చే ముసలివాళ్ళూ, చంకలో పిల్లలతో వచ్చే తల్లులూ ఆ గొట్టం పక్కనుంచే నడవాలి. ఎలా నేర్చుకుందో ఎవడికీ అక్కర్లేదు. కాగితం ఉంటే చాలు.

"ఒక్కదానివే వెళ్ళకు. నేనూ వస్తాను" అన్నాను.

"మీరెందుకమ్మా?" అన్నాడు మా వాడు.

"నువ్వూ వస్తున్నావు, చెప్పులేసుకో" అన్నాను.

మొదట చూసిన రేంజికి ముందంతా అద్దాలు. లోపల చల్లగా ఉంది, సోఫాలున్నాయి, పాటలు మోగుతున్నాయి. బల్ల వెనకున్న కుర్రాడు జుట్టుకు ఏదో పూసి నిలబెట్టాడు. మేము ముగ్గురం వెళితే వాడి చూపు మా వాడి మీదే ఆగింది.

"సార్, ఇదే ఫస్ట్ టైమా? భయపడకండి, చాలా ఎంజాయ్ చేస్తారు."

మా వాడి మొహం తెల్లబడింది. "నేను కాదండీ, మా ఆవిడ" అన్నాడు.

"ఓ, మేడమా! మేడంకి చిన్నది ఇద్దాం. లేడీస్‌కి బరువు లేకుండా ఉంటుంది" అంటూ ఒక చిన్న పిస్తోలు తీశాడు. గ్యాసు బండ భుజాన వేసుకుని మేడ మెట్లు ఎక్కే మనిషికి బరువు గురించి చెబుతున్నాడు! పైగా అది ఎలా పట్టుకోవాలో చెప్పకముందే, ఎలా నిలబడితే ఫొటో బాగా వస్తుందో చూపించాడు. లోపల ఎవరిదో పుట్టినరోజట, కుర్రవాళ్ళు గుంపుగా నవ్వుకుంటూ ఒకడి చేతిలోంచి ఒకడు తుపాకీ లాక్కుంటున్నారు. అందులో ఒకడు తుపాకీ పట్టుకునే వెనక్కి తిరిగి, "నేను రెండు కొట్టానురా!" అని అరిచాడు. ఆ గొట్టం మా అందరి మీదుగా ఒక చుట్టు తిరిగింది. మా కోడలు మా వాడి మెడ పట్టుకుని కిందికి వంచింది. నన్ను తన వెనక్కి తోసింది.

"ఇది నేర్పే చోటా, తిరనాళ్ళా?" అన్నాను ఆ జుట్టువాడితో.

"ఆంటీ, అందులో గుళ్ళు అయిపోయాయి, పర్లేదు" అన్నాడు.

అయిపోయాయని వాడికి ఎలా తెలుసు? వాడు మా వైపు చూసి నవ్వుతున్నాడు, తుపాకీ వైపు చూడనే లేదు. ఆ మాట వాడి మొహం మీదే అడిగాను. మంచినీళ్ళు ఇమ్మంటారా అన్నాడు. నీ నీళ్ళు నువ్వే తాగు నాయనా అని వచ్చేశాను.

మా వాడు ఆ మర్నాటి నుంచి రానన్నాడు. రెండో చోటికి మేమిద్దరమే వెళ్ళాం. మందుల దుకాణం కింద నేలమాళిగ. మెట్లు దిగుతుంటేనే గొంతులో చేదు. కాల్చిన పొగ బయటికి పోయే దారి లేదు, గోడకు ఒక ఫ్యానుంది గానీ దాని రెక్కలకు బూజు పట్టింది. అక్కడున్న ఆసామి లావుపాటి మనిషి, మాట మెత్తన.

"సెక్యూరిటీ కంపెనీవాళ్ళా? రండమ్మా, కూర్చోండి. మీ కంపెనీ వాళ్ళంతా ఇక్కడికే వస్తున్నారు. ఫొటో తెచ్చారా?"

"ఫొటో ఎందుకండీ?" అంది మా కోడలు.

"సర్టిఫికెట్ మీద అంటించాలిగా. ఎల్లుండి వచ్చి తీసుకెళ్ళండి."

"కాల్చడం ఎప్పుడు నేర్పుతారు?"

ఆయన ఆమెను చూసి జాలిపడ్డాడు. "చూడమ్మా, మీకు ఇల్లుంది, డ్యూటీ ఉంది, ఈ పొగలో నిలబడి ఎందుకు మీకీ కష్టం? రేపు నిజంగా కాల్చే అవసరం ఎవరికొస్తుంది? తుపాకీ చూస్తేనే దొంగ పారిపోతాడు."

"పారిపోకపోతే?" అన్నాను నేను.

"అప్పుడు అదృష్టం, పెద్దమ్మా."

నేను ఈ వయసులో చాలామంది సిగ్గులేనివాళ్ళను చూశాను. వాళ్ళంతా కాస్త అటూ ఇటూ చూసి మాట్లాడేవాళ్ళు. ఇంత తాపీగా, టీ తాగుతూ చెప్పినవాణ్ణి చూడలేదు. నాకు నోటికొచ్చిందంతా అన్నాను, అవన్నీ ఇక్కడ రాస్తే బాగుండదు. ఆయన మాత్రం నవ్వుతూ, "ఆలోచించుకోండి, నెలాఖరు దగ్గరపడుతోంది" అన్నాడు. అది నిజమే, అదే నన్ను ఇంకా మండించింది. మా కోడలితోపాటు తలుపుల దగ్గర పనిచేసే మిగతా ఆడవాళ్ళంతా అప్పటికే ఫొటోలు ఇచ్చేశారు.

మూడోది టైర్ల దుకాణం వెనక పాత గిడ్డంగి. బయట బోర్డు సగం చెరిగిపోయింది. ఒక సన్నటి మనిషి, కోసినట్టున్న మొహం, వచ్చినవాళ్ళను రమ్మనడు, కూర్చోమనడు. చప్పుడు వినబడకుండా చెవులకు డిప్పలూ, కళ్ళకు అద్దాలూ ఇచ్చాడు. నేల మీద ఎర్ర గీత ఒకటుంది. "కాల్చేవాళ్ళు గీతకు అవతల. మిగతావాళ్ళు ఇవతల. నేను చెప్పందే ఎవరూ దాటకూడదు" అన్నాడు. నేను పెద్దగా వినిపించుకోలేదు. చెవులకు డిప్పలున్నాయి కదా.

మా కోడలిని బల్ల ముందు నిలబెట్టాడు. తుపాకీ ఇచ్చి తూటాలు ఇవ్వలేదు. ఎత్తమన్నాడు, దించమన్నాడు, మళ్ళీ ఎత్తమన్నాడు. వేలు ట్రిగ్గరు మీదికి వెళ్ళినప్పుడల్లా, "వేలు!" అని అరుపు. ఇంట్లో నేనొక్కదాన్నే అరిచే మనిషి మీద బయటివాడు అరుస్తుంటే నా రక్తం సలసలా కాగింది. చాలాసేపటికి తూటాలు పెట్టించాడు. పక్క బల్లల దగ్గర మరికొందరు కాలుస్తున్నారు. గిడ్డంగి రేకుల కింద ఉక్కపోత. మా కోడలి నుదుటి మీంచి చెమట ధారలుగా కంట్లోకి కారుతోంది, ఆమె రెప్ప ఆర్పకుండా గురి చూస్తోంది. కంట్లో చెమట పడితే ఎలా కాలుస్తుంది, ఎప్పటికి నేర్చుకుంటుంది, ఎప్పటికి కాగితం వస్తుంది? నా దగ్గర ఉతికిన చేతిరుమాలుంది. తీసుకుని వెళ్ళాను.

గీత దాటి రెండడుగులు వేశానో లేదో, డిప్పల్లోంచి కూడా చెవులు పగిలేలా బూర మోగింది. బల్లలన్నిటి మీదా ఎర్ర దీపాలు వెలిగాయి. ఆ వరసలో ఉన్నవాళ్ళంతా తుపాకులు బల్ల మీద పెట్టి, చేతులు కనబడేలా వెనక్కి జరిగారు. మా కోడలు కూడా. చేతిరుమాలు పట్టుకుని మధ్యలో నేనొక్కదాన్నే మిగిలాను, పెళ్ళిపందిట్లో దారి తప్పిన మేకలా.

"ఎవరు దాటమన్నారు మిమ్మల్ని?" అన్నాడు ఆ మనిషి.

"నా కోడలి మొహం తుడవడానికి నీ అనుమతి కావాలా?"

"కావాలి. బయటికి వెళ్ళండమ్మా."

"నా వయసు తెలుసా నీకు?"

"తూటాకు తెలియదు. బయటికి."

ఇంతమంది ముందు నన్ను, నన్ను, తలుపు చూపించి పంపాడు. టైర్ల దుకాణం ముందు, అరిగిన టైరు మీద కూర్చుని మా కోడలు వచ్చేదాకా ఆ మనిషి వంశాన్ని మొదటినుంచీ తిడుతూనే ఉన్నాను. టైర్లవాడు పని ఆపుకుని విన్నాడు.

ఇంటికి వెళ్ళాక అన్నం ముందు కూర్చుని మా కోడలు చెప్పింది. "నేను మూడో చోటికే వెళతాను అత్తయ్యా."

"నన్ను గెంటినవాడి దగ్గరికా!"

"అవును."

"సిగ్గులేదుటే నీకు? వాడు కాగితం ఎప్పుడిస్తానన్నాడో అడిగావా?"

"అడిగాను. తనకు నమ్మకం కుదిరినప్పుడు ఇస్తానన్నారు. నెలాఖరుతో తనకు సంబంధం లేదన్నారు."

మా వాడు ముద్ద నోటి దగ్గర ఆపేశాడు. "అంటే తలుపు పోయినట్టేగా?"

"పోవచ్చు" అంది ఆమె. తర్వాత నా వైపు తిరిగింది. "మీరు గీత దాటగానే అన్ని తుపాకులూ కిందికి దిగాయి. నేను చూశాను, ఒక్కరి వేలు కూడా ట్రిగ్గరు మీద లేదు. ఆ పుట్టినరోజు వాళ్ళ మధ్యకు మీరు వెళ్ళుంటే? నా ముందు నుంచి రోజూ మీలాంటివాళ్ళే నడుస్తారు అత్తయ్యా, చెప్పింది వినకుండా."

నేను పళ్ళసెట్టు తీసి గ్లాసులో వేశాను. పళ్ళు లేకుండా జవాబెలా చెబుతాను?

నెలాఖరు వచ్చింది. ఆ గిడ్డంగి మనిషి కాగితం మీద సంతకం పెట్టలేదు. గురి చూసేటప్పుడు కళ్ళు రెండూ తెరిచే ఉంచాలట, ఆమె ఎడమ కన్ను ఇంకా మూస్తోందట. నేలమాళిగ కాగితాలు తెచ్చినవాళ్ళందరికీ తుపాకులు వచ్చాయి, తలుపులు వచ్చాయి. ఇన్నేళ్ళు ఆ తలుపు కాసిన మా గొళ్ళెం వెనక గేటుకు వెళ్ళింది, చెత్తబండీ వచ్చినప్పుడు తియ్యడానికి. ఆమె చోట్లో నిలబడ్డ పిల్ల తుపాకీని గొడుగులా మోచేతికి తగిలించుకుని, మేనేజరుగారి టీ కూడా అదే చేత్తో పట్టుకెళుతోంది. నేను పింఛను పేరుతో వెళ్ళి కళ్ళారా చూశాను. ఆ తలుపు దాటేటప్పుడు గోడకు అంటుకుని నడిచాను.

సూపర్‌వైజరు ఒకరోజు మా ఇంటికే వచ్చాడు. "మీ కోడలిది మొండితనమండీ. అందరితోపాటు కాగితం తెచ్చుకుంటే ఈ బాధ ఉండేదా?"

"మా కోడలిని అనడానికి నేనున్నాను. నీకెందుకయ్యా?" అన్నాను. "నువ్వు తుపాకులిచ్చినవాళ్ళలో ఎంతమందికి అందులోంచి తూటా తియ్యడం వచ్చో వెళ్ళి అడుగు. నేను ఇక్కడే కూర్చుంటాను, వచ్చి చెప్పు."

వెళ్ళాడు. రాలేదు. ఇలాంటివాళ్ళు తిరిగి రారు, మనమే గుమ్మంలో కూర్చుని చూస్తుంటాం.

మా కోడలు మాత్రం డ్యూటీ దిగి రోజూ ఆ గిడ్డంగికి వెళ్ళింది. నేను కూడా వెళ్ళి బయట టైరు మీద కూర్చున్నాను. ఆ మనిషి వస్తూ పోతూ నాకు నమస్కారం పెట్టేవాడు, నేను మొహం తిప్పుకునేదాన్ని. కళ్ళు రెండూ తెరిచి కాల్చడం వచ్చాక ఆయన సంతకం పెట్టాడు. రెండో విడతలో ఆమెకు తుపాకీ ఇచ్చారు. ఇచ్చింది పాత తలుపు కాదు, ఊరవతల ఇంకో బ్యాంకు. రెండు బస్సులు మారాలి. ఇదీ న్యాయం!

మొదటి రోజు డ్యూటీ చేసి వచ్చి, కుడి భుజం పట్టేసిందని గోడకు చేరగిలబడింది. నేను వేణ్ణీళ్ళలో గుడ్డ ముంచి కాపడం పెడుతున్నాను. మా వాడు గుమ్మం దగ్గరే నిలబడి, తుపాకీ ఆమెతోపాటు ఇంటికి వచ్చిందేమోనని చుట్టూ చూసుకుని, "ఎవరినైనా కాల్చావా ఏంటి?" అని మెల్లగా అడిగాడు.

"లేదు. కాల్చకుండా నిలబడినందుకే ఇంత నొప్పి" అంది.