గూడ్సు గార్డు యెషయా కొండెక్కిన రోజు

మెట్టుగూడలో ఆదివారం పొద్దున యెషయా కుటుంబం చర్చికి నడిచి వెళ్తుంటే అందరికంటే చివర వచ్చేది యెషయానే. ముందు కొడుకు ఐజాక్, కోడలు ప్రిసిల్లా, వాళ్ల తొమ్మిదేళ్ల కూతురు ఫెయిత్. వాళ్ల వెనక భార్య ఎలీసబెతు. నాలుగడుగులు విడిచి ఆయన. మోండా మార్కెట్ రద్దీలోనూ అంతే. ముప్పైనాలుగేళ్లు గూడ్సు బండికి గార్డుగా చేసినవాడికి వెనక నడవటం ఒంటికి పట్టేసింది.

గూడ్సు గార్డు ఉండేది బండి చివర, బ్రేకు వ్యానులో. అంత పొడుగు బండికి ముందున్న ఇంజను ఏం చూస్తోందో ఆయనకు తెలియదు. ఊళ్లు, చెరువులు, జొన్నచేలు దాటిపోయాకే కంటపడతాయి. కొండలైతే పెద్దవిగా మొదలై చిన్నవైపోతాయి. పట్టాల చివర నీలిగీతలా కాసేపు ఉండి, ఆ తర్వాత అదీ ఉండదు. రిటైరైన రోజున సన్మానంలో మైకు చేతికిస్తే యెషయా ఒక్క మాటే అన్నాడు.

"ఒక్కసారన్న కొండ నాకు ఎదురుంగ రావాలె. జూడాలె."

అందరూ నవ్వారు. ఎలీసబెతు నవ్వలేదు.

ఆమె మోకాళ్లు, ఐజాక్ సెలవులు, ఫెయిత్ పరీక్షలు అడ్డంపడి నాలుగేళ్లు గడిచాయి. ఈ డిసెంబరులో కుదిరింది. రైల్లో కర్ణాటక వెళ్లి చిక్‌మగళూరులో దిగారు. ముళ్ళయ్యనగిరి శిఖరానికి ఒక్క రోజు. మర్నాడు తిరుగు ప్రయాణం.

పొద్దున జీపు ఎక్కేటప్పుడు యెషయా అలవాటుగా వెనక అడ్డసీటులో కూర్చున్నాడు.

"ఏంది డాడీ, గీడ సుత బ్రేకు వ్యానేనా? ముందు కూసో," అన్నాడు ఐజాక్.

"అందరెక్కిన్రో లేదో ఎవరు జూస్తరురా?"

అలా ఘాటు రోడ్డంతా కొండ ఆయనకు జీపు వెనకనుంచే కనిపించింది. వంపు తిరిగిన ప్రతిసారీ కాఫీతోటలు, లోయ, పొగమంచు దూరమైపోయాయి. ఇక మిగిలినవి జీపు ఆగిన చోటునుంచి శిఖరం దాకా ఉన్న మెట్లు.

ఆ ఇంట్లో ఒక రివాజు ఉంది. ఎక్కడికి బయలుదేరినా యెషయా వెనక నిలబడి, అందర్నీ లెక్క చూసి, ఈల ఊది, పచ్చజెండా ఊపాలి. అప్పుడే ముందున్నవాళ్లు అడుగేస్తారు. రైల్వే జెండాలు రిటైరైన రోజే అప్పగించాడు. ఇది ఎలీసబెతు తన పాత పచ్చచీర ముక్కతో కుట్టిచ్చిన జెండా. ఈల మాత్రం ఆయన సొంతం.

మొదటి మెట్టు దగ్గర ఈల ఊదాడు. పైన వెళ్తున్న రెండు కుటుంబాలు టక్కున ఆగి వెనక్కి చూశాయి. ఖాకీ చొక్కా వేసుకున్న అటవీశాఖ వాచర్ పరుగున వచ్చాడు. ఇక్కడ ఎవరూ ఈల ఊదకూడదనీ, మబ్బు కమ్మితే తాను ఊదుతాననీ, అది వినగానే అందరూ దిగిపోవాలనీ హిందీలో చెప్పాడు.

యెషయా ఈల జేబులో వేసుకున్నాడు. సిగ్నలు ఎవరి చేతిలో ఉందో వాళ్ల మాట వినాలని ఆయనకొకరు చెప్పనక్కర్లేదు.

సగం మెట్లు ఎక్కేసరికి ఎలీసబెతు మోకాలు మొరాయించింది. పక్కనున్న రాతిమీద కూర్చుంది. ఐజాక్ వాళ్లు అప్పటికే చాలా పైకి వెళ్లిపోయారు.

"నువ్వు నడువయ్యా."

"ఆగిన బండిని ఇడిచి గార్డు పోతడా?"

"నేనేమన్న బొగ్గుబండినా?"

"బొగ్గుబండి గింత మాట్లాడదు."

ఆమె నవ్వి, మోకాలు రాసుకుంటూ పైకి చూసింది. లోయలోంచి తెల్లటి మబ్బు నెమ్మదిగా, ఎవరో దుప్పటి లాగినట్టు, శిఖరం వైపు జరుగుతోంది.

"అది కమ్మిందంటే ఆ ఖాకీ అంగీ ఆయన అందరిని దింపేస్తడు. నాలుగేండ్ల సంది నీ కొండ ముచ్చట ఇంటున్న. గా జెండా ఇటియ్యి. ఈల సుత. ఇయాళ డ్యూటీ నాది. నువ్వు ఇంజన్‌ల ఎక్కు."

యెషయా జేబులోంచి ఈల తీశాడు. డ్యూటీ దిగే గార్డు వచ్చినవాడికి అప్పజెప్పినట్టు, జెండా మడత విప్పి, ఈల పైన పెట్టి ఆమె చేతిలో ఉంచాడు.

"ఈల ఊదకు. ఆయన వద్దన్నడు."

"సరే పో."

పది మెట్లు ఎక్కి వెనక్కి చూశాడు. పచ్చజెండా ఊగింది. ఇరవై మెట్లకు మళ్లీ చూశాడు. మళ్లీ ఊగింది. తర్వాత మలుపు వచ్చింది. అది దాటితే ఆమె కనిపించదు. యెషయా మలుపు దగ్గరే నిలబడిపోయాడు. వెనక ఎవరూ లేకుండా ముందుకు వేసే అడుగు ఆయన కాళ్లకు తెలియదు.

కింద ఎలీసబెతు ఆయన ఆగిపోవటం చూసింది. ఇన్నేళ్ల కాపురంలో ఏ బండి ఎందుకాగుతుందో ఆమెకు బాగా తెలుసు. వాచర్ మాట పక్కన పెట్టి, ఊపిరంతా కూడగట్టుకొని ఈల ఊదింది.

యెషయా మలుపు తిరిగాడు.

పైనున్నవాళ్లందరికీ ఆ ఈల కొండ దిగిపొమ్మన్నట్టు వినిపించింది. గొడుగులు, సంచులు, పిల్లలను చంకనేసుకున్న తండ్రులు గబగబా దిగటం షురూ చేశారు. వాళ్ల మధ్య ఆయనొక్కడే పైకి వెళ్తున్నాడు. ఐజాక్ ఎదురొచ్చాడు.

"డాడీ, ఎటు పోతున్నవ్? ఈలైంది గద!"

"అది మీ మమ్మీ."

ఐజాక్ నవ్వు ఆపుకోలేక మెట్టుమీదే కూర్చున్నాడు. ప్రిసిల్లా తల పట్టుకుంది. ఫెయిత్ మాత్రం "తాతా, నేనూ వస్తా" అని ఆయన వెనక నడిచింది.

మెట్లు ఖాళీ అయ్యాయి. యెషయా ముందు ఎవరూ లేరు. శిఖరం మొదట బొటనవేలంత ఉంది. పదడుగులకు తలంత అయింది. గడ్డి కదలటం కనిపించింది, తర్వాత రాళ్ల మీది నాచు, ఆ తర్వాత రాళ్ల మధ్య ఊదారంగు చిన్న పువ్వు. ఏదీ వెనక్కి పోలేదు. అన్నీ ఒక్కొక్కటిగా దగ్గరికొచ్చి పక్కన నిలబడ్డాయి. చివరి మెట్టెక్కి ఆయన చేతులు వెనక్కి కట్టుకొని నిలుచున్నాడు. అయిదు నిమిషాలకు మబ్బు కమ్మింది. ఈసారి నిజమైన ఈల వినిపించింది.

కిందికొచ్చేసరికి వాచర్ ఎలీసబెతు ముందు నిలబడి అరుస్తున్నాడు. ఆమె జెండా ఒళ్లో పెట్టుకొని, బడిలో దొరికిపోయిన పిల్లలా వింటోంది. యెషయా తప్పు తనదేనని చెప్పాడు. వాచర్ చెయ్యి చాపాడు. ముప్పైనాలుగేళ్ల ఈల యెషయా ఎలీసబెతు దగ్గర తీసుకొని ఆయన చేతిలో పెట్టాడు.

"వచ్చిందా కొండ?" అడిగింది ఎలీసబెతు.

"వచ్చింది. నాలుగేండ్లు లేటు."

దిగేటప్పుడు ఆమెకు పట్టుకోవటానికి భుజం కావాలి. అందుకని యెషయా ముందు నడిచాడు. భుజం మీద ఆమె చెయ్యి ఉంది, ఆమె వెనక మిగతావాళ్లున్నారు. అయినా పది మెట్లకోసారి ఆగి, తిరిగి, లెక్క చూస్తూనే ఉన్నాడు.