కాపు మీదున్న తోట

ఎనభైల్లో ఒక ఏప్రిల్ నెల. హనుమాన్ జంక్షన్‌లో నూజివీడు బస్సెక్కితే నా పక్కన ఖాకీ చొక్కా ఆయన కూర్చున్నాడు. అడవులు తగలబడితే మంటలార్పే హెలికాప్టర్‌ను ఎప్పుడు, ఎక్కడికి పంపాలో చూసే ఆఫీసరట. ఒక మంత్రిగారింట పెళ్లికి, పందిరి మీద పూలు చల్లడానికి దాన్ని పంపమన్నారట. ఈయన పంపనన్నాడు. బదిలీ చేశారు.

"ఒక్క పూటే కదండీ, ఇచ్చేస్తే పోయేది," అన్నాను.

ఆయన నావైపు తిరిగాడు.

"మీకు తోటుందా?"

"ఉందండీ, చాట్రాయిలో. మామిడి."

"కాపు మీదున్నప్పుడు మీ కాపలా మనిషిని పెళ్లిలో వడ్డనకి పంపుతారా?"

"భలేవారే! సొంత కూతురి పెళ్లికైనా కోతలయ్యాకే ముహూర్తం పెట్టుకుంటాడండీ."

"మరి? ఎండాకాలం అడవీ అంతే. ఎక్కడికి బదిలీ చేసినా నా జవాబు ఇదే."

నూజివీడులో దిగి, పెట్టె భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు. పేరైనా అడగలేదు నేను.

మరుసటేడు కోతల ముందు పార్టీ వాళ్లు తోటకొచ్చారు. జీపు ఇంజను ఆపకుండానే, మీటింగుకి మా కాపలా మనిషిని ఎక్కించమన్నారు.

"ఒక్క పూటే కదండీ," అన్నారు.

"తోట కాపు మీదుంది. పంపను," అన్నాను.