శోభ గొంతు, నాలుగు సెకన్లు

కోరుట్లలో దివాకర్ ఇంటికి వచ్చేవాళ్ళు గడప ముందు చెప్పులు విడిచి, జేబులోంచి మడత పెట్టిన కాగితం తీస్తారు. పోయిన మనిషి పేరు, కొడుకులు, కోడళ్ళు, బిడ్డలు, అల్లుళ్ళు, మనుమలు. ఏ పేరు మరిచిపోతే ఎవరు అలుగుతారో ఇంట్లో ఒకటికి రెండుసార్లు చూసుకుని రాసిన కాగితం. దినాల నాడు పోయినవాళ్ళ మీద పాట కట్టించి, దండ వేసిన ఫోటో పక్కన సౌండు బాక్సులు పెట్టి వినిపించడం ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఆనవాయితీ అయిపోయింది.

పాట దివాకరే పాడతాడు. కాగితంలోని పేరు వచ్చిన ప్రతిచోటా వెనకాల నుంచి ఒక ఆడగొంతు "ఓ..." అని లేస్తుంది. నాలుగు సెకన్లు, అంతే. అప్పటిదాకా బిగదీసుకుని కూర్చున్న మగవాళ్ళు కూడా ఆ గొంతు దగ్గరికి వచ్చేసరికి తువ్వాలలో ముఖం దాచుకుంటారు. చచ్చిపోయింది ఎవరైనా ఏడ్చే గొంతు ఒక్కటే. అది దివాకర్ భార్య శోభది.

శోభ పోయి పదకొండు నెలలైంది. గొంతు మాత్రం మిషన్లో ఉంది.

మిషన్ అంటే ముందు గదిలో బల్ల మీదున్న పాత కీబోర్డు. హైదరాబాదులో ఒక బ్యాండు వాళ్ళు వదిలించుకుంటుంటే 2005లో తెచ్చుకున్నాడు. వాయిద్యాలు అందులోనే, తాళం అందులోనే, బయటి శబ్దాన్ని పట్టి మీటల మీద పరిచే ఏర్పాటూ అందులోనే. దాంతో పాటు పుస్తకం రాలేదు, నేర్పేవాళ్ళూ లేరు. నొక్కి విని, మళ్ళీ నొక్కి నేర్చుకున్నాడు. తండ్రి పోచయ్య కొడిమ్యాలలో తాటిచెట్లెక్కి కల్లు గీసినవాడు. చెట్టు మొదట్లోనే కాళ్ళు వణికే కొడుకు, ఈ పెట్టె ముందు మాత్రం పూటలకు పూటలు కదలకుండా కూర్చునేవాడు.

ఇప్పుడు దానికీ వయసు మీద పడింది. తెర మసకబారింది, ఫోన్ లైటు ఏటవాలుగా పట్టుకుంటే తప్ప అక్షరాలు కనిపించవు. పై వరుసలో రెండు మీటలు నొక్కితే లేవవు. కరెంటు తీసేస్తే పట్టిన శబ్దాలన్నీ మరిచిపోతుంది, అది మొదటి నుంచీ ఉన్న గుణమే. రోజూ పొద్దున ఫ్లాపీ పెట్టి శోభ గొంతు మళ్ళీ ఎక్కించాలి. నిమిషమున్నర గరగరమంటుంది. ఆ నిమిషమున్నరలో శోభ చాయ్ తెచ్చి పెట్టేది.

శోభ పాటగత్తె. నాట్లప్పుడు ఆమె ఎత్తుకుంటే పక్క మడిలో వాళ్ళు కూడా నడుము ఎత్తి అందుకునేవాళ్ళు. దివాకర్ ఆమెను ముందు విన్నాడు, తర్వాతే చూశాడు. మిషన్ వచ్చిన కొత్తలో మైకు ముందు నిలబెట్టి "ఓ" అనిపించాడు. ఆ ఒక్క "ఓ" ఏ మీట మీద పెడితే ఆ శ్రుతిలో పలికింది. దివాకర్ సంబరానికి అంతు లేదు.

"ఇంక నువ్వు గొంతు చించుకునుడు ఎందుకే? నీ గొంతు మిషన్ల ఉన్నది. లోపలికి పో, వచ్చినోళ్ళకు చాయ్ వెట్టు" అన్నాడు.

ప్రేమగానే అన్నాడు. శోభ ప్రేమగానే విన్నది. అట్లా పదిహేడేళ్ళు గడిచాయి. పక్కింటి లసుమవ్వ ఎప్పుడైనా "ఏమే శోభా, పాడుడు బందు వెట్టినవా?" అంటే, "నేనెందుకు పాడుడు పెద్దమ్మా, మా ఆయన పెట్టె పాడుతది గదా" అని నవ్వేది. తర్వాత రొమ్ములో గడ్డ వచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుపడి ఆలస్యం చేసింది. కరీంనగర్ ఆసుపత్రికి తిరిగీ తిరిగీ చివరికి ఇంట్లోనే పోయింది.

బిడ్డ స్రవంతి జగిత్యాలలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. తల్లి సంవత్సరీకానికి నెల ముందు ఆదివారం వచ్చి, బల్ల పక్కన కూర్చుంది.

"బాపూ, అమ్మ యాడాదికి పాట గావాలె. నువ్వు పాడేది కాదు. అమ్మ పాడింది."

"అమ్మ పాడింది ఏడున్నది బిడ్డా?"

"ఊళ్ళ పోయినోళ్ళందరి పేర్లు నీ దగ్గరున్నయ్. అమ్మ పాట ఒక్కటి లేదా?"

స్రవంతి ఫోన్లో తల్లి మాటలు కొన్ని ఉన్నాయి. "తిన్నవా బిడ్డా", "బస్సు ఎక్కినవా", అన్నీ రోగం వచ్చాక ఆయాసంతో పంపినవే. పాట లేదు. దివాకర్ చూపు ఫ్లాపీలు దాచే బిస్కెట్ల డబ్బా మీద పడింది. అప్పుడు గుర్తొచ్చింది. ఆ మొదటి వారంలోనే ఆమె నాట్ల పాట రెండు చరణాలు పట్టాడు. ఒక ఫ్లాపీకి పట్టేది పదిహేను సెకన్లే. బిస్కెట్ల డబ్బా గుమ్మరించి వెతికితే అట్టడుగున దొరికింది. పెన్సిలుతో తన రాతే: "శోభ – నాటు".

పెడితే మిషన్ చదవలేదు. గరగర కాస్తా కీచుమని ఆగింది. రోజూ పెట్టే ఫ్లాపీని కూడా చదవలేదు. లోపల తిప్పే రబ్బరు బెల్టు సాగిపోయిందని చప్పుడును బట్టే అర్థమైంది.

సిరిసిల్లలో సాంబయ్య అనే ఆయన ఎంబ్రాయిడరీ మిషన్లు బాగుచేస్తాడు. పూల డిజైన్లు ఒకప్పుడు వాటికి ఫ్లాపీల్లోనే ఎక్కించేవాళ్ళు. దివాకర్ కీబోర్డును దుప్పట్లో చుట్టి, తాడు కట్టి, బస్సులో వెనక సీటు మీద పడుకోబెట్టాడు. కండక్టరు వంగి చూశాడు.

"ఎవర్ని తీస్కపోతున్నవే? పానం ఉన్నదా?"

"సగం ఉన్నది."

"సగం టికెట్ కొట్టాల్నా మరి?" అని కండక్టరు నవ్వాడు. దివాకర్ కూడా నవ్వబోయి, దుప్పటి మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

సాంబయ్య కొట్టు సాంచాల సందులో ఉంది. మగ్గాల మోతకు మాట మాటకూ అరవాలి. "అందరు పెన్‌డ్రైవులు వెట్టిచ్చుకున్నరు దివాకరూ, పాత డ్రైవులు బస్తాల వడేసిన" అంటూ ఒకటి తీసి, దాని బెల్టు విప్పి, దీనికి తొడిగాడు. దివాకర్ హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. ఫ్లాపీ దూర్చాడు. గరగర మొదలైంది. ఈసారి ఆగలేదు. కళ్ళు మూసుకుని మీట నొక్కాడు.

డప్పు మోగింది.

ఇంకో మీట నొక్కాడు. డప్పే. మీటలన్నీ వరసగా నొక్కాడు. అన్నింటి మీదా డప్పే.

"వచ్చిందా?" అని సాంబయ్య చెవి దగ్గర అరిచాడు.

"వచ్చింది సాంబన్నా."

"నేను చెప్పలే? ఇంకో పదేండ్లు తిరుగుతది" అని సాంబయ్య సంతోషంగా చేతులు తుడుచుకున్నాడు.

తిరుగు బస్సులో అంతా గుర్తొచ్చింది. అప్పట్లో ఒకసారి, ఎవరివో దినాలు మరునాడే. డప్పు దెబ్బలు దాచాలి. ఖాళీ ఫ్లాపీ లేదు. డబ్బా అంతా వెతుకుతూ చిరాకు పడుతుంటే, శోభే ఒకటి తీసి ఇచ్చింది. "గిది తీస్కో. గిది నాదే గదా" అన్నది. ఆయన కనీసం తల కూడా ఎత్తలేదు. తీసుకుని, చెరిపి, డప్పు నింపాడు. పైన పేరు మార్చాలని కూడా తోచలేదు.

తర్వాతి ఆదివారం వచ్చిన స్రవంతికి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె లేచి లోపలికి పోయి వచ్చి, "ఆ 'ఓ' ఒక్కటన్న వినిపియ్యి బాపూ" అన్నది.

ఎక్కించి నొక్కాడు. నాలుగు సెకన్లు.

"తర్వాత?"

"తర్వాత ఏముండదు. గాడికే కోసిన."

ఆమె ఫోన్ లైటు తెర మీద ఏటవాలుగా పట్టుకుంది. "కోస్తే రెండు అంకెలెందుకున్నయ్? చివరిది గీడ వెట్టినవ్. పట్టింది ఇంకా ముందటికి ఉన్నట్టున్నది చూడు."

దివాకర్ కళ్ళద్దాలు సవరించుకుని చూశాడు. నిజమే. ఆ రోజుల్లో ఆయనకు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో గుర్తులు పెట్టడమే తెలుసు, మిగిలింది కోసి పారేసే మీట ఎక్కడుందో తెలియదు. తెలిసుంటే కోసేవాడే. చివరి గుర్తును మెల్లగా ముందుకు జరిపాడు. మీట మీద వేలు పెట్టాడు.

"ఓ..." అన్నది శోభ. తర్వాత ఊపిరి తీసుకుంది. ఎక్కడో గిన్నె కదిలింది. "అయిందా ఇగ?" అన్నది.

ఇరవై తొమ్మిదేళ్ళ వయసు గొంతు. ఆయాసం లేదు. తొందర ఉంది, పాటకు పిలిచారనుకుని వచ్చి ఒక్క "ఓ"తో అయిపోయిన మనిషి అడిగే మాటలాగా ఉంది. స్రవంతి మళ్ళీ వినిపించమని అడగలేదు. దివాకర్ కూడా నొక్కలేదు.

యాడాది నాడు పాట పెట్టలేదు. భోజనాల దగ్గర "ఊరందరికి పాట కట్టిండు, పెండ్లానికి కట్టలే" అని బంధువులు అనుకున్నారు. అన్నం వడ్డిస్తున్న దివాకర్‌కు వినబడేటట్టే అనుకున్నారు.

ఆ వారంలోనే ముస్తాబాద్ నుంచి నర్సవ్వ అనే ముసలామె వచ్చింది, సాంబయ్య చెప్పాడని. చెల్లె చచ్చిపోయింది. మడత కాగితం ఇచ్చింది. దివాకర్ చదివి పక్కన పెట్టి, పూర్తి పాటలు పట్టే రికార్డరుకు మైకు తగిలించి ఆమె ముందు నిలబెట్టాడు.

"పాట నువ్వే పాడవ్వా."

"నాకు రాగం రాదు సారూ. మీ మిషన్ల ఎవరో మంచిగ ఏడుస్తదట గదా."

"ఆమె ఇంక ఏడ్వదు. నీకు ఎట్లొస్తె గట్ల పాడు."

నర్సవ్వ కొంగు సర్దుకుంది. మొదట మాటలే చెప్పింది. చెల్లె పేరు దగ్గర గొంతు పగిలింది, తర్వాత దానంతటదే రాగం అయ్యింది. ఎక్కడా తాళంలో పడలేదు. దివాకర్ తాళం పెట్టనూ లేదు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే జత చెప్పులు వంతులేసుకుని తొడుక్కున్నది, చెల్లె అత్తగారింటికి పోయినప్పుడు ఆ చెప్పులు ఎవరికీ దక్కకుండా తెగిపోయినది, అన్నీ వచ్చాయి. అన్నీ అయ్యాక ముఖం తుడుచుకుని మైకు వైపు అనుమానంగా చూసింది.

"అయిందా సారూ?"

దివాకర్ ఆపే మీట నొక్కలేదు. ఆమె ఇంకేమన్నా అంటుందేమోనని తల వంచి వింటూ కూర్చున్నాడు.